కాలం చెల్లిన చట్టాన్ని మళ్ళీ రద్దు చేయడం ఎందుకు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అమ్మా, నేను చెన్నైలో లా రెండో ఏడు చదువుతున్నాను. సెంట్రల్ స్టేషన్ పక్కన అల్లికుళం పాత పుస్తకాల కొట్టులో న్యాయచరిత్ర పుస్తకం ఒకటి కొన్నాను. ఐర్లండ్ పార్లమెంటు ఎప్పుడో చేసిన చట్టాలను 1878లో లండన్ పార్లమెంటు మూకుమ్మడిగా రద్దు చేసిందని అందులో నాలుగు లైన్లు ఉన్నాయి. అవన్నీ అప్పటికే అమలులో లేనివట, అవసరం తీరిపోయినవట. అమలులో లేనిదాన్ని రద్దు చేయడం ఏమిటి? క్లాసులో అడిగితే అందరూ నవ్వారు.
– పాఠకురాలు, పెరంబూరు

జవాబు: నవ్వాల్సిన ప్రశ్న కాదు తల్లీ. 31 ఏళ్ళు నాకు అన్నం పెట్టింది ఈ ప్రశ్నే. 1979 నుంచి 2010 దాకా తంబుచెట్టి వీధిలో లా పుస్తకాలు వేసే ఒక సంస్థలో పనిచేశాను. గెజిట్ రాగానే చదవడం, ఏ సెక్షన్ పోయిందో ఏది మారిందో రాసుకోవడం, చిన్న చిట్టీలు అచ్చు వేయించడం, గోడౌన్లో అమ్ముడుపోకుండా ఉన్న ప్రతి కాపీలోనూ సరిగ్గా ఆ చోట అతికించడం. గిన్నెడు మైదా జిగురు, ఒక స్కేలు, ఒక బ్లేడు. అదే నా ఉద్యోగం.

నీ సందేహానికి వస్తాను. ఇంట్లో పెద్దాయన పోతారు. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, వీధి అంతటికీ తెలుసు. రేషన్ కార్డులో మాత్రం ఆయన పేరు అలాగే ఉంటుంది. ఎవరో ఒకరు మరణ ధ్రువపత్రం పట్టుకెళ్ళి కొట్టేయించేదాకా కాగితం లెక్కన ఆయన ఇంట్లో మనిషే. చట్టమూ అంతే. వాడుక ఆగిపోయినంత మాత్రాన అది పుస్తకంలోంచి దానంతట అది తొలగిపోదు. చట్టానికి మరణ ధ్రువపత్రం రాసివ్వగలిగింది పార్లమెంటు ఒక్కటే.

ఐర్లండ్‌కు ఒకప్పుడు సొంత పార్లమెంటు ఉండేది. డబ్లిన్‌లో కాలేజ్ గ్రీన్ అనే చోట దాని భవనం ఇప్పటికీ ఉంది. 1800లో చేసిన విలీన చట్టంతో ఆ పార్లమెంటు పోయింది. 1801 జనవరి 1 నుంచి ఐర్లండ్ ప్రతినిధులు లండన్‌లో కూర్చున్నారు, డబ్లిన్ భవనం బ్యాంకు చేతికి వెళ్ళింది. అయితే పార్లమెంటుతోపాటు అది చేసిన చట్టాలు పోలేదు. ఇంగ్లండ్ రాజు రెండో ఎడ్వర్డు రాజ్యం మూడో ఏట, అంటే 1310లో, చేసినవాటి దగ్గరనుంచి 1800 దాకా దాదాపు అయిదు వందల ఏళ్ళ సరుకు. డబ్లిన్‌లో గ్రియర్సన్ ముద్రణాలయం వాటిని అచ్చు వేస్తే 20 సంపుటాలు అయ్యాయి.

ఆ 20 సంపుటాలలో ఏం ఉండేవో ఊహించుకో. రాజుగారి ఖర్చుకు ఈ ఒక్క ఏడాది ఫలానా పన్ను అని చేసిన చట్టం. ఆ ఏడాది గడిచింది, పన్ను వసూలైంది, చట్టం పని అయిపోయింది. మన దగ్గర ఏటా బడ్జెట్ తరువాత చేసే ద్రవ్య వినియోగ చట్టాలు సరిగ్గా ఇలాంటివే. అవి వందల కొద్దీ పేరుకుపోతే వాటిని తీసేయడానికి మన పార్లమెంటు 2016లో ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సివచ్చింది. ఇంకో రకం ఉంది. తిరుగుబాటు చేసిన షేన్ ఓనీల్ అనే ఉత్తర ఐర్లండ్ ప్రభువును ద్రోహిగా ప్రకటించి, ఆయన భూములు రాణికి చెందుతాయని 1569లో చేసిన చట్టం వంటివి. ఒక మనిషి గురించి, ఒక సందర్భం గురించి చేసినవి.

అన్నిటికంటే నన్ను ఆపి ఆలోచింపజేసింది పాయినింగ్స్ చట్టం. 1494లో డ్రోహెడా పట్నంలో కూడిన పార్లమెంటులో, ఇంగ్లండ్ రాజు పంపిన ఎడ్వర్డ్ పాయినింగ్స్ చేయించాడు. ఐర్లండ్ పార్లమెంటు సమావేశం కావాలంటే, అక్కడ పెట్టబోయే బిల్లులు ముందుగా ఇంగ్లండ్ రాజు చూసి సరే అనాలి. మూడు వందల ఏళ్ళపాటు ఒక దేశపు గొంతు మీద వేసిన చెయ్యి అది. 1782లో ఐరిష్ నాయకులు పట్టుబట్టి దాన్ని సడలించారు. 1801 వచ్చేసరికి పార్లమెంటే లేదు, ఇక పార్లమెంటును ఎలా సమావేశపరచాలో చెప్పే చట్టం ఎవరికి? ఎవరూ దాన్ని పేరు పెట్టి రద్దు చేయకపోతే అది పుస్తకంలో అలాగే ఉంటుంది. చదివేవాడికి అది ఉన్నదో పోయినదో తెలియదు.

అసలు చిక్కు ఇక్కడే. చట్టం రెండు రకాలుగా పోతుంది. పార్లమెంటు 'ఫలానా చట్టం రద్దు' అని పేరు పెట్టి చెబితే ఒకటి. అలా చెప్పకుండా, గడువు తీరో, పని పూర్తయో, పాతదానికి విరుద్ధంగా కొత్తది రావడం వల్లో పాతది లోలోపలే చచ్చిపోవడం రెండోది. ఈ రెండో రకం చావు ఎవరికీ కనపడదు. అది చచ్చిందా బతికుందా అన్నది ఎవరో ఒకరు కోర్టుకెక్కి, జడ్జి తీర్పు చెబితే తప్ప తేలదు. కొన్నిటి గడువు తీరింది, కొన్నిటి పని పూర్తయింది, కొన్నిటి చోట కొత్తవి వచ్చాయి. అన్నీ ఒకే అట్టల మధ్య, ఒకే అక్షరాలలో, బతికినవాటి పక్కనే అచ్చై ఉన్నాయి.

1878 చట్టం చేసింది ఈ రెండో రకం చావులను మొదటి రకంలోకి మార్చడం. ఇలాంటి చట్టాల పీఠికలో ఒక మాట తప్పకుండా ఉంటుంది: పని అయిపోయినవి, పేరు పెట్టి రద్దు చేయకపోయినా అమలు తప్పినవి, కాలం గడిచి అక్కరలేకుండా పోయినవి – వీటిని ఇప్పుడు స్పష్టంగా, పేరు పేరునా రద్దు చేయడం మంచిదని. ఆ 'పేరు పేరునా' అన్న మాటలోనే ఉంది నీ ప్రశ్నకు జవాబు. వెనక షెడ్యూల్ అనే పెద్ద జాబితా ఉంటుంది. ఒక వరస రాజు పేరు, రాజ్య సంవత్సరం, అధ్యాయం సంఖ్య. పక్కనే చట్టం శీర్షిక, ఎంత మేరకు రద్దు అన్నది. మన శాసనాల్లో 'ప్రవర్ధమాన విజయరాజ్య సంవత్సరంబులు' అని లెక్కపెట్టినట్టే వాళ్ళూ ఏడో హెన్రీ పదో ఏడు, నాలుగో అధ్యాయం అని చెప్పేవారు. నాకు ఆ వరసలు చూస్తే ఇప్పటికీ చేతులు జిగురు గిన్నె కోసం వెతుక్కుంటాయి.

ఇది ఒక్కరోజు పని కాదు. ఇంగ్లండ్ చట్టాలకు 1863లోనే పెద్ద ఎత్తున ఈ ఊడ్పు జరిగింది. 1868లో లార్డ్ ఛాన్సలర్, అంటే అక్కడి న్యాయ వ్యవహారాలకు పెద్ద, కెయిర్న్స్ దీనికోసం ఒక కమిటీ వేశాడు. ఆయన ఐర్లండ్‌లోనే, ఉత్తరాన డౌన్ జిల్లాలో పుట్టినవాడు. 1878లో ప్రధాని డిజ్రేలీ ప్రభుత్వంలో మళ్ళీ ఆయనే లార్డ్ ఛాన్సలర్. ఐర్లండ్ పేరుతో ఇలాంటి చట్టం 1872లో ఒకటి వచ్చింది, 1878లో నువ్వు చదివింది, 1879లో ఇంకొకటి. ఇవన్నీ అయ్యాక మిగిలినవాటిని, అంటే నిజంగా బతికి ఉన్నవాటిని, 1885లో ఒక సవరించిన ప్రతిగా అచ్చు వేశారు. ఎన్ని సంపుటాలయ్యాయో తెలుసా? ఒకటి. 20 సంపుటాలు ఒక సంపుటంలో పట్టాయి.

దాని విలువ నాకు ఎలా తెలిసిందో చెబుతాను. 1986లో అద్దె బాకీలకు సంబంధించిన ఒక ఉపసెక్షన్ తీసేశారు. గెజిట్ చదివాను, చిట్టీ అచ్చు వేయించాను, ఒక కట్ట పుస్తకాలకు మాత్రం అతికించలేదు. పక్క కట్టతో కలిసిపోయి ఉంటే అయిపోయిందనుకున్నాను. అందులోంచి ఒక కాపీ కొన్న జూనియర్ వకీలు చూళైలో ఇడ్లీ కొట్టు నడుపుకునే ఒక ముసలమ్మ తరఫున కోర్టులో లేచి ఆ ఉపసెక్షన్ చదివాడు. జడ్జిగారు అది ఇప్పుడు లేదన్నారు. ఆ అబ్బాయి సాయంత్రం వచ్చి పుస్తకం నా బల్ల మీద పెట్టి, "అమ్మా, ఇది మీ పుస్తకంలో ఇంకా బతికే ఉంది" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. ఆ రాత్రి తొమ్మిదిన్నర దాకా గోడౌన్లో కూర్చుని 140 కాపీలు ఒక్కొక్కటే తెరిచి చూశాను. ఆ ముసలమ్మ వాయిదా మీద వాయిదా తిరిగింది. అప్పటినుంచి చచ్చిన చట్టం పుస్తకంలో ఉండటం చిన్న విషయమని ఎవరన్నా నేను ఒప్పుకోను.

ప్రశ్న: నాకు 74 ఏళ్ళు, రైల్వేలో చేసి రిటైరయ్యాను. మా తాతగారు తిరుత్తణి దగ్గర రెండెకరాలు కొన్న దస్తావేజు 1904 నాటిది, తెలుగులో ఉంది. 1877 రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరయింది. అమ్ముదామని ఒక బ్రోకరుకు చూపిస్తే, 'ఆ చట్టం ఎప్పుడో రద్దయింది, ఈ కాగితానికి విలువ లేదు' అన్నాడు. రెండు నెలలుగా ఒకటే టెన్షన్. నిద్ర పట్టడం లేదు.
– పాఠకుడు, విల్లివాక్కం

జవాబు: ముందు కంటినిండా నిద్రపోండి అన్నగారూ. ఆ బ్రోకరు చెప్పిన మొదటి సగం నిజం, రెండో సగం తప్పు. 1877 రిజిస్ట్రేషన్ చట్టం రద్దయిన మాట నిజమే. దాని చోట 1908 నాటి 16వ చట్టం వచ్చింది, ఇప్పుడు నడుస్తున్నది అదే. 1904లో ఆనాటి చట్టం ప్రకారం పద్ధతిగా జరిగిన రిజిస్ట్రేషన్ మాత్రం చట్టంతోపాటు పోదు.

పై ప్రశ్నలో ఐర్లండ్ చట్టం గురించి రాశాను కదా, నిజానికి ఆ చట్టానికి గుండెకాయ షెడ్యూల్ కాదు, సేవింగ్స్ క్లాజు, అంటే పాత హక్కులను కాపాడే షరతు. ఇలాంటి రద్దు చట్టాలు చేసినప్పుడల్లా వాళ్ళకు ఒక భయం ఉండేది. ఈ పాత చట్టాన్ని నమ్ముకుని ఎవడో ఎక్కడో ఒక పొలం కొనుక్కుని ఉంటాడు, ఒక ఊరు సంత పెట్టుకునే హక్కు పొంది ఉంటుంది, ఒకడికి ఒక పదవి వచ్చి ఉంటుంది. చట్టం పీకేస్తే వాళ్ళ కాళ్ళ కింద నేల పోతుందా? పోకూడదని గట్టిగా రాసేవారు. ఇంతకుముందు జరిగిపోయిన పనుల చెల్లుబాటు గానీ, అప్పటికే వచ్చిన హక్కు, చేసిన అప్పు, పడిన శిక్ష గానీ ఈ రద్దువల్ల మారవని. ప్రతి రద్దు చట్టంలోనూ ఇదంతా మళ్ళీ మళ్ళీ రాయడం ఎందుకని బ్రిటన్ 1889లో అన్ని చట్టాలకూ వర్తించేలా ఒక సూత్రం పెట్టుకుంది. మనకు ఆ సూత్రం 1897 జనరల్ క్లాజెస్ చట్టంలో ఆరో సెక్షన్. లా చదివేవాళ్ళు పరీక్ష కోసం బట్టీ పట్టే సెక్షన్ అది. మీలాంటివాళ్ళకు ఇంటి దూలం లాంటిది.

మొన్నమొన్నటి ఉదాహరణ కావాలంటే, 2024 జూలై 1న ఇండియన్ పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అంతకుముందు జరిగిన నేరాలు మాఫీ అయిపోలేదు. కొత్త చట్టం 358వ సెక్షన్‌లో పాత చట్టం రద్దని చెప్పి, ఆ వెంటనే పాత నేరాలు పాత చట్టం ప్రకారమే నడుస్తాయని చెప్పారు.

ఇప్పుడు మీ పొలం సంగతి. దస్తావేజు చెల్లుతుందనడం వేరు, 2 ఎకరాలు ఇవాళ మీ పేర ఉన్నాయనడం వేరు. ఆ తేడా మీకు చెప్పకుండా ఊరుకుంటే నేను మీకు మేలు చేసినట్టు కాదు. మన చెన్నైలో తాయ్ పత్రం అంటారే, మూల దస్తావేజు, అది మీ దగ్గర ఉంది. అదృష్టం. దానినుంచి ఇవాళ్టిదాకా గొలుసు కావాలి. తాతగారి తరువాత ఎవరు, పంపకాలు జరిగాయా, రాతపూర్వకంగానా, పట్టా ఎవరి పేర ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించండి, దొరికినంత వెనక్కి. దస్తావేజుకు సర్టిఫైడ్ నకలు కూడా అడగండి. అసలు కాగితం లామినేషన్ మాత్రం చేయించకండి, పాత కాగితాన్ని అది పాడుచేస్తుంది.

తిరుత్తణి విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మీ తాతగారు కొన్ననాడు అది ఉత్తర ఆర్కాటు జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్ళింది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారినప్పుడు మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అప్పట్లో ఆ వైపు తెలుగు వాడుకలో ఉండేది, మీ దస్తావేజు తెలుగులో ఉన్నందుకు సిగ్గుపడాల్సింది, అనుమానపడాల్సింది ఏమీ లేదు. పాత రికార్డు తిరుత్తణిలో దొరక్కపోతే చిత్తూరు వైపు కూడా అడగండి. ఆ ప్రాంతంలో చాలా ఊళ్ళు కార్వేటినగరం జమీలోవి. మీది జమీ గ్రామమైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత మీ నాన్నగారి పేర రైత్వారీ పట్టా, అంటే జమీందారు లేకుండా ప్రభుత్వం నేరుగా రైతుకు ఇచ్చే పట్టా, వచ్చిందా అన్నది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. ఇవి పట్టుకుని సివిల్ కేసులు చూసే వకీలు దగ్గరకు వెళ్ళండి. బ్రోకరుతో మాట్లాడటం ఆ తరువాత.

ప్రశ్న: మా అబ్బాయి డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఐర్లండ్‌కు స్వతంత్రం వచ్చి వందేళ్ళయింది కదా. ఇంగ్లీషువాళ్ళ చట్టాలన్నీ అప్పుడే ఒక్క సంతకంతో పారేసి ఉండొచ్చు కదండీ?
– పాఠకురాలు, మేడవాక్కం

జవాబు: మన మనసుకు అలాగే అనిపిస్తుంది. ఆ పార్లమెంటులు చేసినవాటిలో గుండె మండేవి ఉన్నాయి. 1366లో కిల్కెన్నీలో చేసిన చట్టాలు అక్కడ స్థిరపడ్డ ఇంగ్లీషువాళ్ళు ఐరిష్ వాళ్ళను పెళ్ళాడకూడదన్నాయి, ఐరిష్ భాష మాట్లాడకూడదన్నాయి. వాటిని రాసింది ఫ్రెంచి భాషలో. కేథలిక్కు దగ్గర అయిదు పౌన్లు గానీ అంతకు మించి గానీ విలువైన గుర్రం ఉండరాదని 1695లో చేశారు. ఏ ప్రొటెస్టెంటైనా అయిదు పౌన్ల అయిదు షిల్లింగులు చేతిలో పెట్టి ఆ గుర్రాన్ని తోలుకుపోవచ్చు. కేథలిక్కుల మీద పెట్టిన ఇలాంటి ఆంక్షల్లో చాలావాటిని 1778 నుంచి 1829 దాకా ఒక్కొక్కటిగా పోరాడి తీయించుకున్నారు. ఆ గౌరవం పోరాడినవాళ్ళది, 1878 చట్టానిది కాదు.

అన్నీ ఒకేసారి ఎందుకు పారేయలేదంటే, స్వతంత్రం వచ్చిన మర్నాడు కూడా జనం పెళ్ళిళ్ళు చేసుకోవాలి, ఇల్లు అద్దెకు ఇవ్వాలి, అప్పు తీర్చాలి, దొంగను పట్టుకోవాలి. వీటన్నిటికీ ఆ మర్నాడే కొత్త చట్టాలు రాయలేరు. అందుకే 1922 ఐరిష్ రాజ్యాంగం 73వ అధికరణలోనూ, 1937 రాజ్యాంగం 50వ అధికరణలోనూ ఉన్న చట్టాలను మార్చేదాకా కొనసాగిస్తామన్నారు. మన రాజ్యాంగంలో 372వ అధికరణ చెప్పేది అదే. 395వ అధికరణలో 1935 గవర్నమెంట్ ఆఫ్ ఇండియా చట్టాన్ని, 1947 స్వాతంత్ర్య చట్టాన్ని పేరు పెట్టి రద్దు చేసి, మిగతావి ఉంచుకున్నాం.

ఐర్లండ్ వాళ్ళు ఆ తరువాత చేసింది మాత్రం నాకు చాలా నచ్చింది. 2007లో పద్ధతి తిరగేశారు. పారేయాల్సినవాటి జాబితా కాకుండా ఉంచుకోవాల్సినవాటి జాబితా రాశారు. 1922కు ముందటి సాధారణ చట్టాలలో 1,364 ఉంచుకుని మిగిలినవన్నీ పోయినట్టే అన్నారు. అనుమానం మిగలకుండా పోయిన 3,225 చట్టాల పేర్లు కూడా రాశారు. మా ఇంట్లో సంక్రాంతికి అటక దులిపేటప్పుడు మా అత్తగారు ఇలాగే చేసేవారు. పనికొచ్చేవి ముందు చాప మీద పెట్టించి, మిగతావి ఒక్కొక్కటీ చూసి మరీ బయటికి పంపేవారు. ఉంచుకున్నవాటిలో అన్నిటికంటే పాతది 1204 నాటిది, సంతల గురించి. మీ అబ్బాయి డబ్లిన్‌లో డోనీబ్రూక్ అనే పేట వైపు వెళితే చూడమనండి, ఆ చట్టంలో చెప్పిన సంతల్లో ఒకటి అక్కడిదే.

ప్రశ్న: ఎక్కడో లండన్లో చేసిన పని. అప్పుడు ఇక్కడ మనవాళ్ళు కరువుతో చస్తున్నారు. పాత కాగితాలు దులిపితే ఆకలిగొన్నవాడికి ఏం ఒరిగింది? తెలుగు పత్రికలో దీనికి ఇంత చోటు ఎందుకు?
– పాఠకుడు, కోడంబాకం

జవాబు: ఈ కోపం న్యాయమైనదే. 1876 నుంచి 1878 దాకా ధాత కరువు. రాయలసీమ ఊళ్ళు ఖాళీ అయ్యాయి. మన ఊళ్ళో అడయారును, కూవంను కలుపుతూ బకింగ్‌హాం కాలువ ముక్కను తవ్వింది ఆ కరువు కూలీలే, 1877–78లో. మైలాపూరులో ఆ కాలువ పక్కన నడుస్తూ దాన్ని మురుగు కాలువ అని తిట్టుకునేటప్పుడు నాకు ఆ చేతులు గుర్తుకొస్తాయి. ఐర్లండ్‌లోనూ 1879లో పంటలు పోయాయి. కౌలు కట్టలేక, ఇళ్ళలోంచి గెంటేస్తారన్న భయంతో ఉన్న రైతులు ఆ అక్టోబరులో డబ్లిన్‌లో ల్యాండ్ లీగ్ అనే సంఘం పెట్టుకున్నారు. ఐరిష్ నాయకుడు పార్నెల్ అధ్యక్షుడు, దాన్ని నడిపించిన ప్రాణం మైకేల్ డేవిట్. వాళ్ళకు కావాల్సింది బతికున్న చట్టాన్ని మార్చడం. అది 1881లో, ప్రధాని గ్లాడ్‌స్టన్ తెచ్చిన భూమి చట్టంతో కొంత వచ్చింది. 1878 చట్టం ఒక్క రైతు కౌలు కూడా తగ్గించలేదు. తగ్గించిందని నేను అనను.

అయినా ఎందుకు రాస్తున్నానంటే, కౌలుదారు కోర్టుకు వెళ్ళినప్పుడు తన మీద ఏ చట్టం ఉందో, ఏది లేదో తెలియకపోతే డబ్బున్నవాడి వకీలు చెప్పిందే చట్టం అవుతుంది. 20 సంపుటాలు చదవగలిగేవాడు ఎవడు? నాకు ఆ ఇడ్లీ కొట్టు ముసలమ్మ ఎప్పుడూ కళ్ళ ముందే ఉంటుంది.

మన ఊరికి ఈ కథతో ఒక బంధుత్వం కూడా ఉంది. విట్లీ స్టోక్స్ అని డబ్లిన్‌లో 1830లో పుట్టిన లాయరు, ప్రాచీన ఐరిష్ భాషలో మహా పండితుడు. 1862లో మద్రాసు వచ్చాడు. అదే ఏడు మద్రాసు హైకోర్టు మొదలైంది. ఇప్పుడు మనం చూసే ఎర్ర భవనం అప్పటికి లేదు, అది 1892లో వచ్చింది. స్టోక్స్ ఆ కొత్త హైకోర్టులో తీర్పులు సేకరించి రాసే రిపోర్టరుగా పనిచేశాడు. 1865లో హిందూ ధర్మశాస్త్ర గ్రంథాల అనువాదాలను ఒక సంపుటంగా ఇక్కడే అచ్చు వేయించాడు. తరువాత కలకత్తా వెళ్ళి, 1877 నుంచి 1882 దాకా వైస్రాయి కౌన్సిల్లో చట్టాల పని చూసే లా మెంబరు. ఒకవైపు తన దేశపు పాత చట్టాలను లండన్లో దులుపుతున్న ఏళ్ళలోనే, ఇంకోవైపు ఈయన మన చట్టాలను ఒక క్రమంలో పెడుతున్నాడు. 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1882 ఆస్తి బదిలీ చట్టం ఆయన హయాంలో వచ్చినవే. చెక్కు బౌన్సయితే మీరు వెళ్ళేది, ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకు చూసేది ఇవాళ్టికీ ఆ చట్టాలనే. రాత ప్రతుల్లో వరసల మధ్య ఇరికించి రాసిన చిన్న చిన్న ఐరిష్ మాటలను ఏరి అర్థం చెప్పడం ఆయన జీవితకాలపు వ్యసనం. మా వీధికి రెండు అడుగుల దూరంలో అలాంటి మనిషి కూర్చుని పనిచేశాడని తెలిసిన రోజు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

ప్రశ్న: అసలు ఆ చట్టాల పాఠం ఎక్కడ చదవొచ్చు? మీరు ఇప్పటికీ చిట్టీలు అతికిస్తున్నారా?
– మొదటి ప్రశ్న పంపిన పాఠకురాలే, పెరంబూరు

జవాబు: ఐర్లండ్ అటార్నీ జనరల్ ఆఫీసు నడిపే ఐరిష్ స్టాట్యూట్ బుక్ అనే వెబ్‌సైటు ఉంది, ఉచితం. మన కేంద్ర చట్టాలకు ఇండియా కోడ్. రెండింటిలోనూ ఒక చట్టం తెరిచి, ముందు అది ఉందా పోయిందా చూడటం అలవాటు చేసుకో. ఆ తరువాతే చదువు.

చిట్టీల మాటకొస్తే, నా దగ్గర ఉన్న పీనల్ కోడ్ 1994లో బైండు చేయించుకున్నది. 2024 జూలై 1 పొద్దున దాని మొదటి పేజీలో ఒక చిట్టీ అతికించాను: 'ఈ తేదీ నుంచి రద్దు. అంతకు ముందరి నేరాలకు 358 చూడు.' అటక మీద పెట్టలేదు. మా కింది వాటాలో ఉండే అబ్బాయి మీద 2022 నాటి కేసు ఒకటి ఎగ్మోరు కోర్టులో ఇంకా నడుస్తోంది. వాయిదాకు ముందు రోజు వాళ్ళమ్మ వచ్చి ఆ పుస్తకం అడిగి తీసుకెళుతుంది.